ఏజెంట్లు చదివే వివరణపత్రాలు: డెస్క్‌టాప్ స్వయంచాలన ఉపకరణాల డాక్యుమెంటేషన్

మౌసును కదపడం, మీటలు నొక్కడం, తెరచిత్రం తీయడం వంటి పనులను మనిషికి బదులుగా నిర్వహించే సాఫ్ట్‌వేర్‌ను డెస్క్‌టాప్ స్వయంచాలన ఉపకరణం అంటారు. ఇటీవలి వరకు వీటి వివరణపత్రాలకు ప్రోగ్రామర్లే పాఠకులు. 2024 అక్టోబరులో ఆంత్రోపిక్ సంస్థ తన క్లాడ్ నమూనాకు కంప్యూటరును వాడే సామర్థ్యాన్ని ప్రయోగదశలో జోడించింది. ఇటువంటి ప్రయత్నాలతో ఈ పత్రాలకు కృత్రిమ మేధ ఏజెంటు అనే కొత్త పాఠకవర్గం ఏర్పడింది. పత్రంలో చెప్పని విషయాన్ని ప్రోగ్రామరు ఒకటికి రెండుసార్లు ప్రయోగించి తెలుసుకుంటాడు. ఏజెంటు చాలా సందర్భాల్లో ఆ ఖాళీని ఊహతో పూరించి, వాడుకరి అసలు ఫైళ్ల మీదనే ముందుకు సాగుతుంది. కనుక ఉపకరణం ఏమి చేస్తుందో చెప్పినంత మాత్రాన ఈ పాఠకునికి చాలదు. అది ఎక్కడ విఫలమవుతుందో, విఫలమైనట్లు ఎలా గుర్తించాలో కూడా చెప్పవలసి ఉంటుంది.

2024లో వెలువడిన ఓఎస్‌వరల్డ్ పరీక్షాసముదాయంలో 369 కంప్యూటరు పనులున్నాయి. వాటిలో మనుషులు 72.36 శాతం పూర్తిచేయగా, నాటి నమూనాల్లో మెరుగైనది 12.24 శాతం మాత్రమే పూర్తిచేసింది. తెర మీది అంశాలను సరిగా గుర్తించలేకపోవడం, అనువర్తనాలను నడిపే పరిజ్ఞానం కొరవడటం ప్రధాన కారణాలని ఆ పరిశోధకులు పేర్కొన్నారు. మొదటి లోపాన్ని వివరణపత్రం తీర్చలేదు. రెండవదాన్ని కొంతవరకు తీర్చగలదు.

2024 నవంబరులో వచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ప్రకారం ప్రతి ఉపకరణానికి పేరు, వివరణ, ప్రవేశాంశాల నిర్మాణం ఉంటాయి. ప్రవేశాంశం పూర్ణసంఖ్య అని నిర్మాణం చెప్పగలదు. అది ఏ తెరకు చెందిన పిక్సెలో వివరణే చెప్పాలి. 1920×1080 తెరను 1280×720కు కుదించి నమూనాకు చూపినప్పుడు, అది 640, 360 అని సూచించిన బిందువు అసలు తెర మీద 960, 540 అవుతుంది. ఈ మార్పును ఉపకరణం చేస్తుందా, ఏజెంటే చేయాలా అన్న ఒక్క వాక్యం లోపిస్తే ప్రతి క్లిక్కూ గురి తప్పుతుంది.

తెలుగు పాఠాన్ని టైపు చేయించే సందర్భం మరింత బోధప్రదమైనది. పైథాన్ భాషలో విరివిగా వాడే పైఆటోజీయూఐ గ్రంథాలయంలో పాఠాన్ని టైపు చేసే ప్రమేయం ఏకాక్షర మీటలను మాత్రమే నొక్కగలదని దాని పత్రం చెబుతుంది. ‘క’ కూడా ఏకాక్షరమే కదా అని పాఠకుడు భావించవచ్చు. అయితే ఆ ప్రమేయం తన మీటల పట్టికలో లేని అక్షరాన్ని ఏ దోషసందేశమూ ఇవ్వకుండా వదిలివేస్తుంది. దోషం లేదు కాబట్టి పని ముగిసిందని ఏజెంటు నివేదిస్తుంది. దరఖాస్తులో పేరు గడి మాత్రం ఖాళీగా మిగులుతుంది. పాఠాన్ని క్లిప్‌బోర్డులో ఉంచి అతికించడం దీనికి వాడుకలో ఉన్న ప్రత్యామ్నాయం. దానివల్ల వాడుకరి అంతకుముందు కాపీ చేసుకున్నది పోతుంది. ఈ దుష్ప్రభావాన్ని కూడా పత్రం నమోదు చేయాలి.

చెరిపివేతలో చిక్కు మరొకటి. ‘తెలుగు’ అన్న మాటలో చదువరికి కనిపించేవి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో అవి ఆరు సంకేతాలు. చాలా అనువర్తనాల్లో బ్యాక్‌స్పేస్ మీట ఒక్కసారికి ఒక సంకేతాన్నే తొలగిస్తుంది. ‘చెరపవలసిన అక్షరాల సంఖ్య’ అని మాత్రమే రాసిన పత్రాన్ని నమ్మి ఏజెంటు మూడుసార్లు నొక్కితే ‘తెల’ మిగులుతుంది. ఆంగ్లంలో మాత్రమే పరీక్షించిన రచయితకు ఈ సందిగ్ధత తట్టదు. భారతీయ భాషల్లో పనిచేసేవారు ఈ పత్రాల రచనలో పాల్గొనవలసిన అవసరం ఇక్కడే ఉంది.

భద్రత విషయంలో మౌనం మరింత ప్రమాదకరం. పైఆటోజీయూఐలో మౌసును తెర మూలకు నెడితే కార్యక్రమం మినహాయింపుతో ఆగిపోతుంది. ఇది మనిషి చేతిలోని అత్యవసర నిలుపుదల. ఈ ఉద్దేశాన్ని పత్రం చెప్పకపోతే ఏజెంటు దీనిని మరొక సాంకేతిక దోషంగా భావించి, మళ్లీ ప్రయత్నించవచ్చు, అమరికను తొలగించనూవచ్చు. ‘ఈ దోషం వస్తే ఆగి వాడుకరిని అడగాలి’ అని స్పష్టంగా రాయడమే మార్గం. ప్రోటోకాల్ 2025 మార్చి కూర్పు, ఉపకరణం చదవడానికే పరిమితమా, వినాశకర మార్పులు చేయగలదా అని తెలిపే సూచికలను చేర్చింది. ఏమీ చెప్పకపోతే వినాశకరమనే భావించాలన్నది దాని నియమం. ఇది సముచితమైన జాగ్రత్త. అయినా, నమ్మదగిన సర్వరు నుండి రానప్పుడు ఆ సూచికలను కూడా విశ్వసించరాదని ఆ ప్రమాణమే హెచ్చరిస్తున్నది.

వేచి ఉండవలసిన సమయాన్ని సెకన్లలో చెప్పడం కన్నా, తెర మీద ఏమి కనిపించాలో చెప్పడం మేలు. యంత్రం వేగాన్ని బట్టి సెకన్లు మారుతాయి. ‘భద్రపరచు కిటికీ మూసుకున్నదని తరువాతి తెరచిత్రంలో నిర్ధారించాలి’ అన్న వాక్యం ఏ యంత్రంలోనైనా చెల్లుతుంది.

ఇటువంటి పత్రాన్ని చదివి మాత్రమే సమీక్షించడం చాలదు. పాత వివరణతోనూ, కొత్త వివరణతోనూ ఒకే పనిని పలుమార్లు ఏజెంటుచేత చేయించి, ఎక్కడ తడబడిందో పోల్చి చూడాలి. ఉపకరణపు కోడ్ మారకపోయినా వివరణలోని ఒక్క వాక్యం మారితే ఏజెంటు ప్రవర్తన మారవచ్చు. అందువల్ల వివరణపాఠానికి కూడా కూర్పు సంఖ్య ఇచ్చి, ఏ నమూనాతో, ఏ నిర్వహణవ్యవస్థపై, ఏ భాషలో పరీక్షించినదీ దాని పక్కనే నమోదు చేయాలి.