నవల మొదటి చాప్టర్ ఏం పని చేస్తుంది? ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’తో చూద్దాం



నవల మొదలుపెడతాం, నాలుగు పేజీలు చదివి, "ఇంకా కథే మొదలవ్వలేదు" అని పక్కన పెట్టేస్తాం. నిజానికి చాలాసార్లు కథ ఆ పేజీల్లోనే మొదలైపోయి ఉంటుంది. ఎలాగో ఒక్క చాప్టర్ తీసుకుని చూద్దాం.

జేన్ ఆస్టిన్ రాసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813లో వచ్చింది. మొదటి చాప్టర్ రెండు మూడు పేజీలే. అందులో మిస్టర్ బెన్నెట్, మిసెస్ బెన్నెట్ అనే భార్యాభర్తలు మాట్లాడుకుంటారు, అంతే. గది ఎలా ఉంది, వాళ్లు ఏం బట్టలు వేసుకున్నారు, ఒక్క ముక్క ఉండదు.

మరి ఆ ఊరు, ఆ కాలం మనకెలా తెలుస్తాయి? మాటల్లోంచే. పక్కనున్న నెదర్‌ఫీల్డ్ అనే పెద్ద బంగళాలో అద్దెకి బింగ్లీ అనే కుర్రాడు దిగుతున్నాడు. పెళ్లి కాలేదు. నాలుగు గుర్రాల బండిలో వచ్చి ఇల్లు చూసుకున్నాడు. ఏడాదికి 4, 5 వేల పౌండ్ల ఆదాయం. మన సంబంధాల్లో "అబ్బాయి ప్యాకేజీ ఎంత?" అని అడుగుతారు చూడండి, అచ్చం అదే! ఈవిడకేమో పెళ్లి కావాల్సిన కూతుళ్లు 5 మంది.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. ముందు మీరు వెళ్లి అతన్ని పలకరించాలి, లేకపోతే మేం వెళ్లలేం అని ఆవిడ భర్తని బతిమాలుతుంది. అంటే ఇంటి మగాడు పరిచయం చేసుకుంటే తప్ప ఆడవాళ్లకి ఆ గుమ్మం తొక్కే వీల్లేదు. ఆ సమాజం రూల్ ఏంటో ఆ ఒక్క మాటలో అర్థమైపోతుంది. ఏ కొండలు, తోటలు వర్ణించినా ఇంత తెలియదు.

ఇక పాత్రలు. ఆవిడ కంగారు పడేకొద్దీ ఆయన వెటకారం చేస్తుంటాడు. 5 మంది కూతుళ్లలో ఈ చాప్టర్‌లో పేర్లు వినిపించేది ముగ్గురివే. తండ్రికి తెలివైన లిజ్జీ అంటే ఇష్టం. తల్లేమో జేన్ అందాన్ని, లిడియా సరదా స్వభావాన్ని మెచ్చుకుంటుంది. ముందు ముందు కథని నడిపేది ఈ ముగ్గురే. కోడ్‌లో తర్వాత వాడబోయే వేరియబుల్స్‌ని పైనే డిక్లేర్ చేసినట్టు! హీరోయిన్ లిజ్జీ ఇంకా సీన్‌లోకి రాలేదు, కానీ మనకి అప్పుడే పరిచయం.

చివరి పేరాలో మాత్రం రచయిత్రి ఇద్దరి స్వభావాలూ నేరుగా చెప్పేస్తుంది. 23 ఏళ్లు కాపురం చేసినా ఆవిడకి ఆయన అర్థం కాలేదట. మొదట్లోనే చెప్పుంటే అదొక బయోడేటా అయ్యేది. మనం అప్పటికే చూసేశాం కాబట్టి "అవును, నిజమే" అనుకుంటాం.

ఇప్పుడు అసలు విషయం. మొదటిసారి చదివినప్పుడు మనం ఆయన పక్షాన చేరి ఆవిడని చూసి నవ్వుతాం. 7వ చాప్టర్‌లో తెలుస్తుంది: కొడుకులు లేరు కాబట్టి ఆయన తర్వాత ఆస్తి మొత్తం ఒక దూరపు బంధువుకి పోతుంది. తల్లీకూతుళ్లకి ఉన్న ఇల్లు కూడా మిగలదు. అప్పుడు వెనక్కొచ్చి మొదటి చాప్టర్ చదవండి. ఆవిడ కంగారు వెనక ఉన్న భయం కనిపిస్తుంది. ఆయన జోకులు అంత తేలిగ్గా నవ్వించవు.

అందుకే ఈసారి ఏ నవల తెరిచినా "కథ ఎప్పుడు మొదలవుతుంది" అని కాకుండా, ఇక్కడ ఎవరికి ఏం కావాలి, దానికి ఏది అడ్డం అని వెతకండి. నవల పూర్తయ్యాక ఆ మొదటి చాప్టర్ ఇంకోసారి చదవండి. పది నిమిషాల పనే.