తూనిక యంత్రానికి ముందు ప్రశ్న, తరువాతే చికిత్స

ముడిసరుకు లోనికి వచ్చినా, ఉత్పత్తి బయటికి వెళ్ళినా, మన కర్మాగారాలలో ప్రతి టన్నుకూ లెక్క చెప్పేది తూనిక యంత్రమే. ఆ అంకె తప్పితే చెల్లింపులు తప్పుతాయి, మిశ్రమం పాళ్ళు మారుతాయి. అయినా తెరపై అంకె కాస్త అటూ ఇటూ కాగానే సాధారణంగా మొదట జరిగేది 'జీరో' మీట నొక్కడం. రోగమెరుగక మందు వేయడం వంటిదే ఇది.

అతి సూక్ష్మమైన సంకేతం

బరువు పడినప్పుడు లోడ్ సెల్‌లోని లోహం రవ్వంత వంగుతుంది. దానికి అతికించిన స్ట్రెయిన్ గేజిల విద్యుత్ నిరోధం మారుతుంది. వోల్టుకు 2 మిల్లీవోల్టుల స్పందన గల సెల్‌కు 10 వోల్టులు అందిస్తే, పూర్తి బరువు వద్ద వచ్చేది 20 మిల్లీవోల్టులే. సెల్ సామర్థ్యం 20 టన్నులైతే టన్నుకు ఒక మిల్లీవోల్టు, కిలోకు ఒక మైక్రోవోల్టు! జంక్షన్ బాక్సులో చేరిన తేమ గాని, వదులైన స్క్రూ గాని ఇంతటి సంకేతాన్ని తారుమారు చేయగలవు. ఈ సంకేతాన్ని పెంచి, అంకెలుగా మార్చి, సీరియల్ తీగ ద్వారా పంపేది సిగ్నల్ కండిషనర్.

యంత్రంతో సంభాషణ

ఆర్.ఎస్.232 తీగ సుమారు 15 మీటర్ల దూరానికి తగినది. ఆర్.ఎస్.485 తక్కువ వేగంలో సుమారు 1200 మీటర్ల వరకు పనిచేస్తుంది. ఏదైనా సరే, రెండు కొసలలోను వేగము, ప్యారిటీ ఒకటిగా ఉండాలి. ఒకవైపు 9600, మరొకవైపు 4800 ఉంటే జవాబు రాదు, లేదా అర్థంలేని అక్షరాలు వస్తాయి. దానిని లోడ్ సెల్ దోషమని భ్రమించరాదు.

ప్రతి తయారీదారుకూ తనదైన ఆదేశావళి ఉన్నది. ఉదాహరణకు మెట్లర్ టొలెడో వారి ఎం.టి.-సిక్స్ పద్ధతిలో 'ఐ4' అని పంపితే పరికరం తన క్రమసంఖ్య చెబుతుంది. అనగా తీగ, వేగము సరిగా ఉన్నట్లే. 'ఎస్' అంటే అంకె నిలకడ పొందిన పిదప, 'ఎస్ ఐ' అంటే తక్షణమే, బరువు చెబుతుంది. జవాబులో అంకెకు ముందున్న అక్షరాన్ని తప్పక చూడాలి. అక్కడ మళ్ళీ 'ఎస్' ఉంటే బరువు నిలకడగా ఉన్నది, 'డి' ఉంటే ఇంకా కదులుతున్నది. అంకెకు బదులు కూడిక గుర్తు వస్తే అధిక భారం, తీసివేత గుర్తు వస్తే కనీస హద్దుకు దిగువ. ఖాళీ హాపరు ఎంతసేపటికీ 'డి' అనే చెబుతుంటే కంపనాన్ని, వదులు తీగలను వెదకాలి. అనేక పరికరాలలో మిల్లీవోల్టు విలువను చదివే ఆదేశం కూడా ఉంటుంది. దోషం సెల్ వైపు ఉన్నదా, అమరికలో ఉన్నదా అనేది దానితో తేలుతుంది.

చెరిగిపోయే సాక్ష్యం

పైవన్నీ అడిగే ఆదేశాలు. జీరో, టేర్, కాలిబ్రేషన్ మార్చే ఆదేశాలు. ఈ భేదమే ముఖ్యం. హాపరు గోడకు 200 కిలోల సరుకు అంటుకొన్నదనుకొందాం. కారణం చూడక జీరో చేస్తే తెరపై సున్నా కనిపిస్తుంది. తరువాత 1000 కిలోలు నింపి వదిలినప్పుడు ఆ అంటుకొన్నదీ జారిపడితే మిశ్రమంలో చేరేది 1200 కిలోలు. మొదటి అంకె రాసిపెట్టి ఉంటే, ఆ 200 ఆనాడే బయటపడేది.

కనుక ముందు గుర్తింపు, తరువాత స్థితి, ఆపైన మూల సంకేతం అడిగి, జవాబులను తేదీ, వేళలతో లాగ్‌బుక్కులో రాద్దాం. మార్చే ఆదేశం చివరిదిగా ఉండాలి. క్రయవిక్రయాలకు వాడే వేబ్రిడ్జి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం దానికి తనిఖీ, ముద్ర తప్పనిసరి. సీలు విప్పి అమరిక మార్చడం మన ఇష్టానికి వదిలిన పని కాదు.

యంత్రం అబద్ధమాడదు. అడిగినదానికే జవాబు చెబుతుంది. సరైన ప్రశ్న వేయడం మన వంతు.