హోస్ట్ ముందు ఫోన్ పెట్టేయకూడదు!

ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్ చేస్తాడు. పేరు చెప్పడు. గంటసేపు ఏదైనా మాట్లాడొచ్చు. నచ్చకపోతే ఎప్పుడైనా కట్ చేసేయొచ్చు. అవతల ఉన్న హోస్ట్‌కి మాత్రం ఆ అవకాశం లేదు. బోర్ కొట్టినా, ఇబ్బందిగా ఉన్నా ఆ గంటా వినాల్సిందే!

అమెరికన్ కమెడియన్ క్రిస్ గెథార్డ్ 2016లో మొదలుపెట్టిన ‘బ్యూటిఫుల్/అనానిమస్’ పాడ్‌కాస్ట్ రూల్స్ ఇవి. అతిథులు సెలబ్రిటీలు కారు, మనలాంటి మామూలు మనుషులే. అయినా ఆ గంటలో బయటికొచ్చే కథలు ఏ సినిమాకీ తీసిపోవు.

‘క్యాంపస్ ఇంటర్వ్యూలకి ప్రిపేరవుతున్న మాకు దీంతో పనేంటి?’ అనుకుంటున్నారా? ఉంది. నాలుగేళ్ల బీటెక్‌లో మనకు జవాబు చెప్పడమే నేర్పుతారు. ఉద్యోగంలో చేరాక ఎక్కువగా అవసరమయ్యేది అడగడం, వినడం. క్లయింట్‌కి నిజంగా ఏం కావాలో రాబట్టే బిజినెస్ అనలిస్ట్ అయినా, యాప్ వాడేవాళ్ల ఇబ్బంది కనిపెట్టే డిజైనర్ అయినా, హెచ్ఆర్ అయినా చేసేది అదే. ఈ సంగతి నాకు తెలిసింది క్లాస్‌రూమ్‌లో కాదు, హాస్టల్ మెస్‌లో.

సగం నా గొంతే!

బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో ఓ హాస్టల్లో ఉండి కోర్సు నేర్చుకుంటున్న రోజులవి. మెస్‌లో వంట చేసే అన్నది శ్రీకాకుళం జిల్లా. గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోట్ల మీద వంటవాడిగా పనిచేసొచ్చారు. వింటేనే భలే అనిపించింది. ఓ మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి కూర్చోబెట్టా.

“సముద్రం మీద భయమేయలేదా అన్నా?”

“ఏసింది బాబూ.”

“ఇల్లు గుర్తొచ్చేదా?”

“రాదేటి?”

అంతే. మాట ముందుకెళ్లడం లేదని ఇక నేనే అందుకున్నా. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే సిగ్గేసింది. 32 నిమిషాల రికార్డింగ్‌లో సగానికి పైగా నా గొంతే! ఆయన ఊపిరి తీసుకోడానికి ఆగిన ప్రతిసారీ నేను దూరిపోయా. నా ప్రశ్నల్లోనే జవాబులున్నాయి. ఆయనకి మిగిలింది అవుననో కాదనో అనడమే.

వారం తర్వాత మళ్లీ అడిగితే నవ్వుతూనే ఒప్పుకున్నారు. ఈసారి ఒకే ప్రశ్న: “బోటు ఊగుతుంటే అన్నం ఎలా వండేవారన్నా?” అని నోరు మూసుకున్నా. గిన్నె జారకుండా ఎలా కట్టేవారో, గంజి మీద పడకుండా ఎటు నిలబడాలో చేతులతో చూపిస్తూ చెప్పుకుపోయారు. కాసేపటికి ఆగారు. నేనూ ఆగా. ఆ నిశ్శబ్దంలో, నేను అడక్కుండానే, సముద్రం ఎందుకు వదిలేశారో చెప్పారు. మొత్తం రికార్డింగ్‌కి ప్రాణం ఆ ఏడు నిమిషాలే.

ఎడిట్ చేసి ఆయనకే వినిపించా. అంతా విని, “బాగుంది బాబూ. కానీ ఆ ఒక్క మాటా తీసెయ్యి. మా ఊళ్లో వినకూడనోళ్లు ఉన్నారు” అన్నారు. పేరు మారుస్తానన్నా, ఊరు తీసేస్తానన్నా. తల అడ్డంగా ఊపారు. రెండ్రోజులు తటపటాయించి చివరికి డిలీట్ చేశా. ఆయన ఏం చెప్పారో ఇక్కడా రాయడం లేదు. కథ ఆయనది, నాది రికార్డర్ మాత్రమే.

మీరూ మొదలుపెట్టాలంటే...

ఖరీదైన మైకులు కొనేయకండి. సామాన్యుల ఉద్యోగాల గురించి వాళ్ల మాటల్లోనే ‘వర్కింగ్’ (1974) అనే పుస్తకం తెచ్చిన షికాగో రేడియో హోస్ట్ స్టడ్స్ టెర్కెల్‌కి టేప్ రికార్డర్ వాడటమే సరిగ్గా వచ్చేది కాదు. ఎదుటివాళ్లు మనసు విప్పడానికి అది అడ్డం కాలేదు.

* ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేదంటే మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. ఫ్యాన్ ఆపేయండి. దుప్పట్లు, బట్టలు ఉన్న చిన్న గదైతే గొంతు మార్మోగదు. రెండు నిమిషాలు టెస్ట్ చేసి విన్నాకే అసలు పని మొదలుపెట్టండి.

* ‘కష్టంగా అనిపించిందా?’ అని అడగొద్దు. ‘మొదటిరోజు ఏం జరిగింది?’ అనండి. జవాబు అయ్యాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు మాట్లాడండి.

* ఎడిటింగ్‌కి ‘ఆడాసిటీ’ ఉచితంగా దొరుకుతుంది. దగ్గులూ, తడబాట్లూ తీసేయొచ్చు గానీ అర్థం మారేలా కత్తిరించకూడదు.

* అనుమతి రెండుసార్లు తీసుకోండి. రికార్డింగ్‌కి ముందు ఒకసారి, ఎడిట్ చేసింది వినిపించాక మరోసారి.

ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే ఇంట్లోవాళ్లే ఉన్నారు. అమెరికాలో డేవ్ ఐసే 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఓ చిన్న బూత్ పెట్టి ‘స్టోరీకార్ప్స్’ ప్రారంభించారు. తెలిసినవాళ్లిద్దరు కూర్చుని 40 నిమిషాలు మాట్లాడుకుంటారు. వాళ్లు ఒప్పుకుంటే ఆ రికార్డింగ్ అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరుస్తారు. మనకి బూత్ అక్కర్లేదు, తాతయ్య మంచం పక్కన కుర్చీ చాలు.

ఒక మాట మాత్రం ముందే చెబుతున్నా. పాడ్‌కాస్ట్‌తో వెంటనే డబ్బులొస్తాయని ఆశ పడొద్దు. ఉద్యోగ ప్రయత్నాలు ఆపొద్దు. కాకపోతే రెజ్యూమేలో ‘గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్’ అనే అరిగిపోయిన ముక్క తీసేసి, మూడు ఎపిసోడ్ల లింకు పెట్టండి. వాటిలో మీరు చేసిన పని ఏంటో ఒక్క లైన్లో రాయండి.

ఓ ఇంటర్వ్యూలో ప్యానెల్‌లోని ఒకాయన నా ప్రాజెక్ట్ పక్కనపెట్టి, “అంత మంచి భాగం ఎందుకు తీసేశారు?” అని అడిగారు. జరిగింది చెప్పా. ఆ ఉద్యోగం నాకు రాలేదు లెండి! కానీ బట్టీపట్టకుండా నేను చెప్పిన మొదటి జవాబు అదే. తర్వాతి ఇంటర్వ్యూకి ఆ భయం లేకుండా వెళ్లా.

ఈ ఆదివారం మీ మెస్‌లోనో, వీధి చివర టీకొట్టు దగ్గరో, ఇంట్లోనో ఒక్కరిని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. అడిగాక మాత్రం మధ్యలో దూరకండి!