విద్యుత్తు కారులో చల్లదనమున కగు వ్యయము

విద్యుత్తుచే నడచు కార్లు గ్రామములకును వచ్చుచున్నవి. వానిని కొనఁదలఁచు సభ్యులు మొదట నడుగు ప్రశ్న, ఒకసారి ఛార్జి చేసిన నెంతదూరము పోవునని. వర్తకుఁడు చెప్పు లెక్క యొకటి, వేసవిలో బండి పోవు దూరము వేఱొకటి. ఈ భేదమునకుఁ గల కారణములలో ముఖ్యమైన దానిని ఇచట వివరింతుము.

పెట్రోలు ఇంజనులో నూనెయందలి శక్తి సగమునకు మించి వేఁడిమిగా వృథాయగును. చలిదేశములవారు ఆ వేఁడినే కారులోపలికి మరల్చుకొందురు. విద్యుత్తు మోటారులో వృథా మిక్కిలి స్వల్పము. కావున లోపల వెచ్చదనము కావలసినను, చల్లదనము కావలసినను, బ్యాటరీనుండియే వ్యయము కావలయును.

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ వారు 2019లో అయిదు కార్లను పరీక్షించిరి. బయట 35 డిగ్రీల సెంటీగ్రేడు ఎండలో ఏసీ నడపఁగా దూరము సగటున నూటికి 17 పాళ్లు తగ్గెను. సున్నకు దిగువ 7 డిగ్రీల చలిలో హీటరు నడపఁగా 41 పాళ్లు తగ్గెను. చలిలో బ్యాటరీయే మందగించుట యొక కారణము. సామాన్యపు హీటరు ఒక యూనిట్టు విద్యుత్తునకు ఒక యూనిట్టు వేఁడిమినే యిచ్చుట మఱియొకటి. ఏసీ యన్ననో, ఒక యూనిట్టుతో రెండు మూఁడు యూనిట్ల వేఁడిమిని బయటికిఁ దోడివేయఁగలదు. మన ప్రాంతమున హీటరు పని యరుదు గనుక, మనము విచారింపవలసినది ఏసీనిగూర్చియే.

ముఖ్యముగా గమనింపవలసిన దేమనఁగా, బండి నడక ఖర్చు కిలోమీటర్ల లెక్క. ఏసీ ఖర్చు గంటల లెక్క. ఉదాహరణమునకు, బ్యాటరీ 30 యూనిట్లు పట్టుననియు, నూఱు కిలోమీటర్లకు 12 యూనిట్లు కావలయుననియు, ఏసీ గంటకొక యూనిట్టు తీసికొనుననియు ననుకొందము. ఏసీ లేనిచో 250 కిలోమీటర్లు పోవచ్చును. ఏసీ వేసికొని గంటకు 50 కిలోమీటర్ల వేగమునఁ బోయిన 214 కిలోమీటర్లు వచ్చును. గతుకుల బాటలోనో, రద్దీలోనో గంటకు 20 కిలోమీటర్లే సాగినచో, నడక ఖర్చు మాఱకున్నను 176 మాత్రమే వచ్చును. బండి నిలిపి ఏసీ నడపిన ప్రతిగంటకును ఎనిమిది కిలోమీటర్లు పోయినట్లే.

ఈ ఖర్చును దగ్గించుకొనుటకు సులభోపాయములు గలవు:

1. బండిని చెట్టునీడనో, పాకలోనో నిలుపవలయును. ఎండలోఁ గాఁగిన బండిని చల్లార్చు మొదటి నిమిషములలోనే ఏసీ యెక్కువ విద్యుత్తు త్రాగును.
2. ఎక్కుటకుముందు తలుపులు తెఱచి వేఁడిగాలిని పోనీయవలయును.
3. వీలున్న కార్లలో, ఛార్జి తీఁగ తగిలించి యుండఁగనే లోపల చల్లఁబఱచుకొని బయలుదేఱవలయును.
4. లోపలిగాలినే మరల చల్లార్చు మీటను వాడి, 25 డిగ్రీల ప్రాంతమున నిలుపవలయును.

పొదుపుకొఱకని రోగులను, పసిపిల్లలను, వృద్ధులను వడగాడ్పులో నుక్కఁబెట్టుట తగదు. వైద్యశాలకుఁ బోవు బండికి ఏసీ ఖర్చు ముందే కలిపి లెక్కకట్టి, తిరుగు ప్రయాణమునకుఁ జాలినంత ఛార్జి నుంచుకొనుటయే వివేకము. కొనునపుడును వర్తకునిచే ఏసీ వేయించి, మీరు నిత్యము తిరుగు బాటమీఁదనే నడపి చూచుకొనుఁడు.