భోషాణం నుంచి భరిణె దాకా

బీరువాలు రాకముందు తెలుగువారి ఇంటి సొత్తంతా పెట్టెల్లోనే ఉండేది. అందుకే ఒక్క పెట్టెకే ఇన్ని పేర్లు. రాగి బిందెలు, పట్టుచీరలు, భూమి దస్తావేజులు దాచేది భోషాణం. కొట్లో డబ్బు వేసేది గల్లాపెట్టె. తెలంగాణలో బట్టల పెట్టె సందూక. కుంకుమకు భరిణె, సున్నానికి సున్నపుకాయ. పేరు వినగానే ఆ పెట్టె చేసే పని తెలుస్తుంది. ఆకారం కూడా ఆ పనిని బట్టి వచ్చిందే. భోషాణం మూత మంచంలా వెడల్పుగా, చదునుగా ఉండేది. ఇంటి పెద్ద రాత్రి దాని మీదే పక్క వేసుకునేవాడు, సొత్తుకు అదే కాపలా. గుమాస్తాలు, కరణాలు వాడిన రాతపెట్టెకు వాలుమూత ఉండేది. నేల మీద కూర్చుని ఆ మూత మీదే కాగితం పెట్టి రాసేవారు, లోపలి అరల్లో సిరాబుడ్డి, కలం, లెక్కల కట్టలు ఉండేవి. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక అలాంటి పెట్టెలకు పని తగ్గిపోయింది.

అలంకార పెట్టెల తయారీలో తెలుగునేల సాధించిన గొప్ప పేరు విశాఖపట్నానిది. 17వ శతాబ్ది చివరికి ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టింది. రేవుపట్నం కావడంతో పనికి కావలసిన కలప, దంతం చేరడం సులువైంది. స్థానిక పనివాళ్ళు ముందు నల్లటి కలపలో దంతపు ముక్కలు పొదిగి పూలతీగల అంచులు వేసేవారు. 1756లో ఆ ఊరు చూసిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఈ పొదుగు పనిని ప్రత్యేకంగా మెచ్చుకుంటూ రాశాడు. 18వ శతాబ్ది ద్వితీయార్ధానికి పద్ధతి మారింది. గంధపు చెక్కతో పెట్టె కట్టి, పైన అంతటా పలచని దంతపు రేకులు అతికేవారు. సన్నని ఉలితో రేకు మీద బొమ్మ గీసి, ఆ గాట్లలో నల్లని లక్క నింపేవారు. దూరం నుంచి చూస్తే తెల్ల కాగితం మీద సిరాతో గీసినట్టే ఉంటుంది. కొన్ని పెట్టెలను ఏటవాలు కప్పు, కిటికీలు, తలుపులతో చిన్న బంగళాల్లా తయారుచేశారు. 19వ శతాబ్దిలో తాబేటి చిప్ప, దున్న కొమ్ము, ఏదుపంది ముళ్ళు కూడా వాడారు. మూత తెరిస్తే ఇప్పటికీ గంధం వాసన వచ్చే పెట్టెలున్నాయి.

ఈ విశాఖ పెట్టెలు ఎక్కువగా కుట్టుపని పెట్టెలు, ఉత్తరాల పెట్టెలు, తేయాకు పెట్టెలు. కొనేవాళ్ళు ఎక్కువగా ఇంగ్లీషువాళ్ళే కావడంతో చాలా భాగం ఓడలెక్కి వెళ్ళిపోయాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, అమెరికాలో సేలం ఊళ్ళోని పీబడీ ఎసెక్స్ మ్యూజియంలో విశాఖ పనితనాన్ని చూడవచ్చు. ఇంత గొప్ప పని చేసిన ఊళ్ళోనే చాలామందికి ఆ సంగతి తెలియకపోవడం బాధాకరం. దంతపు పెట్టెలను ఈరోజు కొని సేకరించే వీలు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోను, 1991లోను చేసిన సవరణలతో దేశంలో దంతపు వ్యాపారం పూర్తిగా ఆగిపోయింది. వస్తువు ఎంత పాతదైనా ఈ నిషేధం వర్తిస్తుంది. తాతల నాటి దంతపు పెట్టె ఇంట్లో ఉన్నవాళ్ళు దాని యాజమాన్య పత్రం గురించి అటవీశాఖను అడగడం మంచిది.

సేకరణకు అందుబాటులో ఉన్నవాటిలో బిద్రీ పాన్‌దాన్ అనే తాంబూలపు పెట్టె ముందు చెప్పుకోదగ్గది. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన బీదరు ఈ పనికి పుట్టిల్లు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు. మైలుతుత్తం నీళ్ళు రుద్ది తాత్కాలికంగా నల్లబరిచి, దాని మీద బొమ్మ చెక్కి, గాట్లలో వెండి తీగ కొట్టి కూరుస్తారు. చివర బీదరు కోటలోని పాత మట్టిని నవాసాగరంతో కలిపి పట్టిస్తే లోహం నల్లగా మారుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. పెట్టె లోపల సున్నం, కాచు, వక్క, ఏలకులు వేసుకునే చిన్న గిన్నెలుంటాయి. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలైన బిద్రీ పనులున్నాయి. కొనేముందు అవి చూసి కంటికి అలవాటు చేసుకుంటే నాసిరకం ఇట్టే పట్టుబడుతుంది. కేరళలోని నెట్టూరు పెట్టె మరో మంచి రకం. గోపురంలాంటి మూత, ఇత్తడి పట్టీలు ఉన్న నగల పెట్టె అది. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టేవాళ్ళకు ఏటికొప్పాక భరిణెలున్నాయి. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్కరంగు పట్టించి చేసే ఈ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పాతదో, పాతగా కనిపించేలా చేసిందో తేల్చడానికి పెట్టెను తలకిందులు చేసి చూడాలి. ముఖం మీద మోసం చేసినవాడు అడుగును పట్టించుకోడు. మూలల్లో వేళ్ళు పెనవేసినట్టుండే అతుకులు చేతితో కోసినవైతే కొద్దిగా హెచ్చుతగ్గులుంటాయి, యంత్రం కోసినవి అచ్చు గుద్దినట్టుంటాయి. తలమీద ప్లస్ గుర్తున్న మరలు 1930ల్లో వాడుకలోకి వచ్చినవి. అవి కనిపిస్తే పెట్టె కొత్తదైనా అయి ఉండాలి, మరమ్మతైనా జరిగి ఉండాలి. చెయ్యి పడే చోట, అంటే గొళ్ళెం దగ్గర, మూత అంచున, అరుగుదల సహజంగా ఉంటుంది. అన్ని వైపులా సమానంగా అరిగిన పెట్టెను అనుమానించాలి. కర్రలో చిన్న గుండ్రటి రంధ్రాలు, కింద మెత్తటి పొడి ఉంటే పురుగు ఇంకా లోపల ఉందని అర్థం. అలాంటిది ఇంట్లోకి తెస్తే మిగతా కలప సామానుకూ ముప్పే. నూరేళ్ళు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 నాటి పురావస్తు చట్టం అనుమతించదు. విదేశాల్లో ఉన్న పిల్లలకు తాతగారి పెట్టె పంపాలనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

పాత పెట్టెలను ఎక్కువగా పాడుచేసేది శుభ్రం చేయాలన్న తొందర. భోషాణానికి గరుకు కాగితం పట్టించి మెరుపు వార్నీషు వేస్తే నూరేళ్ళ నిగారింపు ఒక్క పూటలో పోతుంది. పొడి గుడ్డతో తుడిచి, ఏడాదికి ఒకసారి తేనెమైనం పలచగా పట్టిస్తే చాలు. బిద్రీని చింతపండుతో తోమకూడదు, పులుపు ఆ నలుపును తినేస్తుంది. రవ్వంత కొబ్బరినూనె పూసి తుడిస్తే సరిపోతుంది. ఏ పెట్టెనైనా నేరుగా ఎండ పడే చోట, ఏసీ గాలి తగిలే చోట పెట్టకూడదు. తేమ మారుతుంటే కర్ర బిగిసి, వదులై, చివరికి పగులుతుంది.

బాగున్న పెట్టెను అద్దాల బీరువాలో బంధించడం కంటే వాడుకోవడమే మేలు. భోషాణం హాల్లో కూర్చునే బల్లగా పనికొస్తుంది, లోపల దుప్పట్లు పెట్టుకోవచ్చు. వాలుమూత పెట్టెలో ఉత్తరాలు, ఫొటోలు ఇముడుతాయి. పాన్‌దాన్ గిన్నెల్లో చెవికమ్మలు, ఉంగరాలు విడివిడిగా ఉంటాయి. తినే వస్తువులు మాత్రం వద్దు. పాత తేయాకు పెట్టెల్లో సీసపు రేకు ఉంటుంది, కళాయి పోయిన ఇత్తడి డబ్బాల్లో చిలుము పడుతుంది.

ఎవరి పెట్టె, ఏ ఊరిది, ఇంట్లోకి ఎలా వచ్చింది అన్న వివరాలు ఇంటి పెద్దలకు గుర్తున్నప్పుడే రాయించుకోవాలి. ఆ కాగితాన్ని అతికించకుండా, మేకు కొట్టకుండా, ఊరికే మడిచి పెట్టె అడుగున ఉంచండి.