సున్నం తూకం పెరిగితే బలం తగ్గినట్లే

తుని: పెరటి చేపల గుంటలకు వాడే సున్నం కొనేటప్పుడు బస్తా ధరతోపాటు సరుకు రకాన్ని, తాజాదనాన్ని కూడా వర్తకులు చూసుకోవలసి ఉన్నది. సున్నం అనే ఒకే పేరుతో మూడు సరుకులు చెలామణి అవుతున్నాయి. మూడింటి బలమూ వేరు.

గుంట నీటి పి.హెచ్. 6.5 నుంచి 9 వరకు ఉంటే బొచ్చె, శీలావతి వంటి చేపలకు అనుకూలం. ఇది తెల్లవారుజామున తగ్గి, సాయంత్రానికి పెరుగుతుంది. నీటిలోని పచ్చని నాచు పగటిపూట బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడమే ఇందుకు కారణం. నీటిలో క్షారగుణం చాలకపోతే ఈ హెచ్చుతగ్గులు తీవ్రమవుతాయి. సున్నానికి గిరాకీ అందువల్లనే.

100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి పొడి విరిచే ఆమ్లగుణాన్ని, నీరుపట్టిన సున్నం 74 కిలోలు, బట్టీలో కాల్చిన సున్నం 56 కిలోలే విరుస్తాయి. ధరలను ఈ లెక్కన పోల్చి చూడాలి.

చిక్కు నిల్వలోనే ఉన్నది. పల్నాటి పిడుగురాళ్ల నుంచి తుని చేరే సున్నం కృష్ణా, గోదావరి రెండూ దాటి రావలసినదే. దారిలోను, గోదాములోను కాల్చిన సున్నం గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పట్టుకొంటుంది. పూర్తిగా చచ్చినచో 56 కిలోల సరుకు 100 కిలోలు తూగుతుంది. బలం మాత్రం పెరగదు. అటువంటి సరుకును కాల్చిన సున్నం ధరకు 56 కిలోలు కొన్న రైతుకు దక్కేది 31 కిలోల పని మాత్రమే. కొద్దిగా నీరు చల్లగానే బుసబుసలాడి వేడెక్కేది తాజా సరుకు. చల్లగా ఉండిపోయేది చచ్చిన సరుకు.

రకం మారితే నష్టం మరింత ఎక్కువ. ఎండగట్టిన గుంటలో క్రిములను చంపడానికి కాల్చిన సున్నం తగినది. చేపలున్న గుంటలో దానినే వేస్తే పి.హెచ్. ఒక్కసారిగా ఎగబ్రాకుతుంది. 28 డిగ్రీల నీటిలో పి.హెచ్. 8 వద్ద మొత్తం అమ్మోనియాలో 6, 7 శాతమే విషరూపంలో ఉండగా, 9 వద్ద అది సుమారు 40 శాతానికి చేరుతుంది. మేత ఎక్కువై అమ్మోనియా పేరుకొన్న గుంటలో చేపలు తెల్లవారేసరికి తేలిపోవచ్చును. చేపలున్న గుంటకు సున్నపురాయి పొడి క్షేమకరం; అది నీటి పి.హెచ్.ను సుమారు 8.3కు మించి పెంచదు.

కనుక సరుకు ఏ రకమో బిల్లులో వ్రాయించుకోవడం, కాల్చిన సున్నాన్ని తేమ సోకని సంచులలో, నీటికి, గోనెలకు దూరంగా నిల్వచేసి త్వరగా అమ్ముకోవడం వర్తకులకు, రైతులకు ఉభయులకూ మేలు.