చిత్రమును అంకెలుగా మార్చు బోర్డు

అనంతపురం ప్రాంతములో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంత కొద్ది వానను కొలిచి వ్రాసుకొనుటకు రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది అందరికీ తెలిసినదే. ప్రతి ఉదయమూ ఎనిమిదిన్నర గంటలకు వర్షమాపకములో చేరిన నీటిని కొలగ్లాసులో పోసి, అంకె చూచి, పుస్తకములో వ్రాస్తారు. రెండవది స్వయంలేఖక వర్షమాపకము. దానిలో ఒక డ్రమ్ము మెల్లగా తిరుగుతూ ఉంటుంది. డ్రమ్ముకు చుట్టిన కాగితము మీద కలము గీత గీస్తూ పోతుంది. వాన ఎప్పుడు మొదలైనదీ, ఎంత జోరుగా కురిసినదీ, ఎప్పుడు వెలిసినదీ అంతా ఆ గీతలో ఉన్నది. కొలగ్లాసు అంకెలో అవేవీ లేవు. అరగంటసేపు దంచికొట్టి వంకల వెంట పోయిన 20 మిల్లీమీటర్ల వానా, రాత్రంతా నిదానముగా కురిసి వేరుశనగ చేనులో ఇంకిన 20 మిల్లీమీటర్ల వానా పుస్తకములో ఒక్కటే. పైగా వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లకు తగ్గితే అది వర్షపు దినమే కాదు.

తెగకుండా సాగే గీతను అనలాగ్ సంకేతమనీ, నిర్ణీత వేళలలో తీసిన అంకెల వరుసను డిజిటల్ సంకేతమనీ అంటారు. గీత నుండి అంకెలు తీయునప్పుడు రెండు ప్రశ్నలు వస్తాయి. ఎంత తరచుగా కొలవవలెను? ఎంత సన్నని మెట్లతో కొలవవలెను? రెండింటిలో దేనిలో పొరపాటు జరిగినా, పోయిన సమాచారము తిరిగి రాదు. గీత కాగితము దాచి ఉంటే మరల కొలవవచ్చును. కాగితమే చివికిపోతూ ఉంటే?

వీడియో టేపుల విషయములో ఇప్పుడు జరుగుతున్నది సరిగా ఇదే. 1980, 1990 దశాబ్దాలలో పెళ్ళిళ్ళు, జాతరలు, పాఠశాల వార్షికోత్సవాలు, నాటకాలు వి.హెచ్.ఎస్. టేపుల మీదికి ఎక్కినవి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో నేటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి (2022 వరకు అనంతపురం జిల్లాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది). అటువంటి ఊరిలో గడచిన తరమువారు ఆడిన ఆటను ఆనాడు ఎవరైనా కామెరాతో పట్టి ఉంటే, అది ఒకే ఒక టేపులో ఉండవచ్చును. టేపు మీది అయస్కాంతపు పూత ఎండకూ, దుమ్ముకూ, కాలానికీ చెడుతుంది. ఆడించిన ప్రతిసారీ టేపు కొంత అరుగుతుంది. కనుక అంకెలుగా మార్చు పని ఆ టేపుతోనే నేర్చుకొనరాదు. ముందు బోర్డును తెలిసిన సంకేతముతో పరీక్షించి, అది నిజమే చెప్పుచున్నదని తేల్చుకొని, ఆ తరువాతనే పాత టేపును ముట్టవలెను.

ఇందుకు పనికివచ్చే సాధనమునే ఇవాల్యుయేషన్ బోర్డు అంటారు. కొత్త చిప్పును ఇంజనీర్లు పరీక్షించి చూచుకొనుటకు తయారీదారులే దానిని అమ్ముతారు. నడుమ చిప్పు, దాని చుట్టూ వోల్టేజి క్రమపరచు భాగాలు, స్ఫటికము, తీగలు తగిలించు రంధ్రాలు ఉంటాయి. అనలాగ్ డివైసెస్ సంస్థవారి ఏ.డి.వి. 7180, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టి.వి.పి. 5150 ఈ తరగతిలో ప్రసిద్ధమైన చిప్పులు. ఇక్కడ మొదటిదానిని ఉదాహరణగా తీసుకొనవచ్చును.

బోర్డులోనికి వచ్చేది ఏమిటో ముందు తెలియవలెను. 1982లో మన దేశములో రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు స్వీకరించిన పద్ధతి పేరు పాల్. ఇందులో ఒక చిత్రానికి 625 గీతలు, సెకండుకు 25 చిత్రాలు. ప్రతి చిత్రమూ రెండు సగములుగా, మొదట బేసి గీతలు, తరువాత సరి గీతలుగా వస్తుంది. కనుక సెకండుకు 50 సగములు. ఒక గీతకు పట్టే కాలము 64 మైక్రోసెకండ్లు. గీత మొదట్లో వోల్టేజి నలుపు మట్టముకన్న 0.3 వోల్టు క్రిందికి దిగి 4.7 మైక్రోసెకండ్లు అక్కడే ఉంటుంది. కొత్త గీత మొదలైనదని చెప్పే ఈ గుర్తును సింక్ పల్సు అంటారు. దాని వెనుక రంగును గుర్తించుటకు సుమారు 10 కంపనాల చిన్న గుంపు వస్తుంది. దాని పౌనఃపున్యము 4.43 మెగాహెర్ట్జులు. ఆ పిమ్మట సుమారు 52 మైక్రోసెకండ్లపాటు అసలు చిత్రము నడుస్తుంది. నలుపునకు సున్న, నిండు తెలుపునకు 0.7 వోల్టు. సింక్ అడుగు నుండి తెలుపు వరకు మొత్తము ఒక వోల్టు.

మొదటి ప్రశ్నకు, అనగా ఎంత తరచుగా కొలవవలెనను దానికి, 1982లో అంతర్జాతీయముగా కుదిరిన జవాబు సెకండుకు 135 లక్షల సార్లు, అంటే 13.5 మెగాహెర్ట్జులు. పాల్ చిత్రములోని సూక్ష్మ వివరాలు సుమారు 5 మెగాహెర్ట్జుల వరకు పోతాయి. దానికి రెట్టింపుకన్న ఎక్కువ వేగముతో కొలవకపోతే లేని గీతలు ఉన్నట్లు కనిపిస్తాయి. 13.5నే ఎన్నుకొనుటలో ఒక చమత్కారము కలదు. మన 625 గీతల పద్ధతిలో అది గీతకు సరిగా 864 కొలతలు ఇస్తుంది. అమెరికా, జపానుల 525 గీతల పద్ధతిలో 858 ఇస్తుంది. రెండూ పూర్ణసంఖ్యలే కనుక రెండు లోకాలకూ ఒకే గడియారము సరిపోయినది. 864లో చిత్రానికి చెందినవి 720.

రెండవ ప్రశ్నకు జవాబు 256 మెట్లు, అనగా 8 బిట్లు. అయితే నలుపును 0 వద్ద, తెలుపును 255 వద్ద పెట్టలేదు. నలుపు 16, తెలుపు 235. పైనా క్రిందా కొంత ఖాళీ విడువడము వలన సంకేతము కాస్త పొంగినా తల తెగిపోదు. 0.7 వోల్టును 219 మెట్లుగా విభజిస్తే ఒక్కొక్క మెట్టు సుమారు 3 మిల్లీవోల్టులు. ఈ సంఖ్యను గుర్తుంచుకొనవలెను. కొద్ది మిల్లీవోల్టుల అలజడి కూడా ఇక్కడ అంకెను మారుస్తుంది.

ఇక బోర్డును అమర్చుట. మొదటి జాగ్రత్త ఈ ప్రాంతపు వాతావరణమే నేర్పుతుంది. మార్చి నుండి మే వరకు అనంతపురం గాలి ఎండిపోయి ఉంటుంది. పొడి గాలిలో, నైలాను చొక్కా వేసుకొని ప్లాస్టిక్ కుర్చీలో నుండి లేచినవాని ఒంటి మీద వేల వోల్టుల ఘర్షణ విద్యుత్తు చేరవచ్చును. సుమారు మూడు వేల వోల్టులు దాటితేనే గాని చురుక్కుమన్నది మనిషికి తెలియదు. అంతకు తక్కువకే చిప్పు చెడిపోవచ్చును. మణికట్టుకు పట్టీ కట్టుకొని, దానిని 10 లక్షల ఓముల నిరోధము ద్వారా ఎర్తుకు కలుపుకొని కూర్చొనుట మంచిది.

అయితే ఆ ఎర్తు ఎట్లున్నది? రాతి నేలలో, తేమ లేనిచోట, ఎర్తు గుంటకు నిరోధము పెరిగిపోతుంది. గుంటలో ఉప్పు, బొగ్గు వేసి వేసవిలో నీరు పోయవలెనని ఎలక్ట్రీషియన్లు చెప్పేది ఇందుకే. కరవు నేలకూ టెలివిజన్ చిత్రానికీ సంబంధము ఇక్కడ బయటపడుతుంది. టేపు ప్లేయరు ఒక గదిలోని ప్లగ్గు నుండి, బోర్డూ కంప్యూటరూ మరొక చోటి ప్లగ్గు నుండి నడిస్తే, వాటి ఎర్తుల మధ్య కొంత వోల్టేజి తేడా ఉంటుంది. ఆ తేడా వీడియో తీగ పైతొడుగు గుండా ప్రవహించి సంకేతములో 50 హెర్ట్జుల జీరను కలుపుతుంది. చిత్రపు సగములు కూడా సెకండుకు 50 కనుక, ఆ జీర తెర మీద వెడల్పాటి నీడపట్టెగా దాదాపు నిలిచిపోయి, మెల్లగా ప్రాకుతుంది. అన్ని పరికరాలనూ ఒకే ప్లగ్గు బోర్డు నుండి నడిపితే ఈ బాధ చాలవరకు తప్పుతుంది.

విద్యుత్తు ఇచ్చిన వెంటనే వీడియో తీగ తగిలించరాదు. ముందు మల్టీమీటరుతో కొలవవలెను. ఈ చిప్పులోని లోపలి భాగాలకు 1.8 వోల్టులు, బయటికి అంకెలు పంపు కాళ్ళకు 3.3 వోల్టులు కావలెను. తరువాత స్ఫటికము. దాని పౌనఃపున్యము 28.63636 మెగాహెర్ట్జులు. ఇది అమెరికా రంగు కంపనానికి సరిగా ఎనిమిది రెట్లు. పాల్ సంకేతానికి కూడా ఈ స్ఫటికమే పనిచేస్తుంది. కొలతల వేగాన్ని చిప్పు లోపలే లెక్క వేసి సరిచేసుకుంటుంది.

చిప్పుకు ఆదేశాలు రెండు తీగల మీద పోతాయి. ఐ-టూ-సి అనే ఈ పద్ధతిలో ప్రతి చిప్పుకూ ఒక చిరునామా ఉంటుంది. క్రొత్తవారిని ఇక్కడ ఒక చిక్కు చాలాసేపు కూర్చోబెడుతుంది. తయారీదారు పుస్తకము ఈ చిప్పు చిరునామా 64 అని, ఒక కాలు వోల్టేజిని మారిస్తే 66 అని చెప్పుతుంది. కంప్యూటరు ప్రోగ్రాములు చాలావరకు అదే చిరునామాను 32, 33 అంటాయి. చివరి బిట్టు వ్రాయుటా చదువుటా అని తెలుపు గుర్తు. పుస్తకము దానిని కలుపుకుంటుంది, ప్రోగ్రాము కలుపుకోదు. అంతే తేడా.

సంకేతము లేనప్పుడు ఈ చిప్పు తెరను నీలిరంగుతో నింపుతుంది. నీలి తెర చూచి నిరాశపడనక్కరలేదు. చిప్పు నుండి కంప్యూటరు దాకా గల దారి అంతా సరిగా ఉన్నదని అది చెప్పుతున్నది.

ఇప్పుడు వీడియో తీగ. దాని చివర 75 ఓముల నిరోధము తప్పక ఉండవలెను. ఈ చిప్పుకు 36 ఓములు, 39 ఓములు గల రెండు నిరోధాలను వరుసగా పెట్టి, నడిమి నుండి సంకేతము తీసుకొమ్మంటారు. రెండూ కలిసి 75 అవుతాయి, సంకేతమూ సుమారు సగమై చిప్పుకు తగిన కొలతకు వస్తుంది. ఈ నిరోధము లేకపోతే ఒక వోల్టు రావలసినచోట రెండు వోల్టులు వస్తాయి. పక్కనే చూచుటకని మరొక టెలివిజను తగిలించి, అక్కడా 75 ఓములు ఉంటే, మూడింట రెండు వంతులే వస్తుంది.

ఇక్కడొక మోసము కలదు. చిప్పు సింక్ పల్సు లోతును చూచి, అది 0.3 వోల్టు కావలెనని ఎరిగి, మొత్తము సంకేతాన్ని తనంతట తానే పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. అందుచేత తీగ తప్పుగా తగిలించినా తెర మీద బొమ్మ బాగానే కనబడవచ్చును. తక్కువగా వచ్చిన సంకేతాన్ని పెంచినప్పుడు దానితో పాటు అలజడి కూడా పెరిగినదన్న మాట ఎవరికీ తెలియదు. కన్ను నమ్మదగిన సాక్షి కాదు. ఒకసారి ఓసిలోస్కోపుతో ఒక వోల్టు ఉన్నదా లేదా అని చూడవలెను. పాఠశాలలో అది లేకపోతే దగ్గరి ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలకు బోర్డును తీసుకొనిపోవచ్చును.

అసలు పరీక్ష రంగు పట్టీలతో. పరీక్ష సంకేతాలు పుట్టించు పరికరము నుండి తెలుపు, పసుపు, నీలిఆకుపచ్చ, ఆకుపచ్చ, ఊదా, ఎరుపు, నీలము, నలుపు వరుసగా వస్తాయి. తెలుపు నిండుగాను, రంగులు నూటికి 75 పాళ్ళుగాను ఉండే సంకేతములో, బోర్డు ఇచ్చే వెలుగు అంకెలు క్రమముగా 235, 162, 131, 112, 84, 65, 35, 16 కావలెను. ఒకటి రెండు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. తెలుపు 215 దగ్గర ఆగిపోయినా, నలుపు 16కు బదులు 30 చూపినా లోపమున్నట్లే. తెలుపు, నలుపు పట్టీలలో రంగు అంకెలు రెండూ 128 దగ్గర ఉండవలెను. అక్కడ 128 రాకపోతే, రంగు లేనిచోట బోర్డు రంగు పూస్తున్నదన్నమాట.

బయటికి అంకెలు ఎనిమిది తీగల మీద, సెకండుకు 270 లక్షల వేగముతో వస్తాయి. ప్రతి గీతలోను చిత్రము మొదలయ్యేచోట 255, 0, 0 అనే మూడు అంకెలు, వాటి వెనుక ఏ సగము, ఏ భాగము అని తెలుపు నాలుగవ అంకె ఉంటాయి. ఒక మొదలు గుర్తు నుండి తరువాతి మొదలు గుర్తు వరకు లెక్కపెడితే సరిగా 1728 అంకెలు ఉండవలెను. చిత్ర భాగాన్ని మాత్రమే కుదించకుండా దాచితే ఒక గంట టేపుకు సుమారు 75 గిగాబైట్లు పడుతుంది.

బోర్డుకు ఇంకొక కష్టమైన పరీక్ష కావలెనంటే, సన్నని చారలున్న ధర్మవరం పట్టుచీరను కామెరా ముందు పెట్టి, ఆ కామెరాను నేరుగా బోర్డుకు కలపవచ్చును. చారలు మరీ దగ్గరగా ఉన్నచోట వాటి కంపనము 4.43 మెగాహెర్ట్జుల దాపునకు వస్తుంది. రంగు కూడా అక్కడనే కూర్చున్నది కనుక చిప్పు చారను రంగని భ్రమించి, చీరలో లేని ఇంద్రధనుస్సును అద్దుతుంది. పక్క గీతలతో పోల్చి ఈ రెండింటిని వేరుచేయు వడపోత చిప్పులో ఉన్నది. దానిని తీసివేసి ఒకసారి, పెట్టి ఒకసారి చూస్తే అది చేసే పని విద్యార్థులకు బాగా తెలుస్తుంది. వి.హెచ్.ఎస్. టేపుతో ఈ పరీక్ష పనికిరాదు. అంత సన్నని వివరము ఆ టేపులో నిలువదు.

ఇవన్నీ తృప్తిగా ముగిసిన తరువాత టేపు. దానితో కొత్త చిక్కు వస్తుంది. పరీక్ష సంకేతములో ప్రతి గీతా సరిగా 64 మైక్రోసెకండ్లు. సాగిన టేపులో, అరిగిన యంత్రములో, ఒక గీత కాస్త పొడుగు, ఒక గీత కాస్త పొట్టి. అందువలన నిలువుగా ఉండవలసిన దీపస్తంభము తెర మీద పాములా వంకరలు పోతుంది. చిప్పు కొంతవరకు సరిదిద్దుకుంటుంది. వంకర ఎక్కువైతే గీతలను నిలువచేసి సమవేగముతో తిరిగి పంపు టైమ్ బేస్ కరెక్టరు అనే పరికరాన్ని ప్లేయరుకూ బోర్డుకూ నడుమ పెట్టవలసి వస్తుంది. టేపును ఆడించుటకు ముందే అది సిద్ధముగా ఉండుట మేలు. మధ్యలో ఆపి వెతుక్కొనరాదు.

చిత్రపు అడుగున ఐదారు గీతలు విరిగి పక్కకు జరిగి కనబడితే మాత్రము బోర్డును అనుమానించి పని ఆపనక్కరలేదు. ప్లేయరులోని రెండు తలలలో ఒకటి చదువుట మాని రెండవది అందుకొనేచోటు అది. పాత టెలివిజన్ పెట్టెలు ఆ గీతలను తెర అంచుకు అవతల ఉంచేవి కనుక ఇన్నాళ్ళూ ఎవరూ వాటిని చూడలేదు.